ఆఫీసు కొన్న లాప్‌టాప్‌కీ, మన జేబుకీ లింకేంటి?

మన జన్వాడ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కి ఉద్యోగానికి వెళ్లేవాళ్ల బ్యాగులో లాప్‌టాప్ ఉంటుంది కదా. చాలామందికి అది కంపెనీ ఇచ్చిందే, వాళ్లు ఎంచుకున్నది కాదు. కానీ ఆ ఎంపిక మన రేట్ల దాకా వస్తుంది.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1981లో ఐబీఎం పీసీ వచ్చింది, రేటు 1,565 డాలర్ల నుంచి. ఆ పేరు మీద నమ్మకంతో ఆఫీసులు కొన్నాయి. 1983లో లోటస్ 1-2-3 అనే లెక్కల సాఫ్ట్‌వేర్ దాని మీదే వచ్చింది. ఆఫీసులో అలవాటైందే ఇంట్లోనూ కావాలన్నారు జనం. కాంపాక్ లాంటి కంపెనీలు అదే సాఫ్ట్‌వేర్ నడిచే మెషీన్లు తెచ్చాయి. పోటీ పెరిగి రేట్లు దిగాయి. 1984లో మెకింటాష్ వచ్చింది, 2,495 డాలర్లు. వాడటం తేలికే, కానీ ఐబీఎం కోసం రాసిన సాఫ్ట్‌వేర్ అందులో నడవదు. ఆఫీసులు అటు పెద్దగా కదల్లేదు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. కంపెనీలు వందల్లో కొంటాయి, అందుకే డిస్కౌంట్. కొన్నేళ్లకి మార్చేస్తాయి. ఆ పాతవి సికింద్రాబాద్ సీటీసీ లాంటి చోట్ల సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి. ఒకే మోడల్ బోలెడన్ని ఉంటాయి కాబట్టి బ్యాటరీ, కీబోర్డ్ కూడా తేలిగ్గా దొరుకుతాయి. చవక కొత్త లాప్‌టాప్‌కి అసలు పోటీ ఇవే.

బీటెక్‌లో చేరే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఇంట్లో అప్పు చేసి కొనేముందు ఇవీ చూడండి. విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఇంటెల్ అయితే ఎనిమిదో జనరేషన్, ఆపైదే తీసుకోండి. పాత కంపెనీ లాక్ తీసేశారో లేదో షాపులోనే ఆన్ చేసి చూడండి. బిల్లు అడగండి. ఉంటా మరి!