జూదనగరంలో విందు: వేళ మరచిన భోజనం

బంగారు వ్యాపారానికి పేరుపొందిన మా ప్రొద్దుటూరును పెద్దలు ‘చిన్న బొంబాయి’ అనేవారు. పెళ్ళి నగల కోసం జమ్మలమడుగు నుండి, పులివెందుల నుండి కుటుంబాలు నేటికీ ఇక్కడికి వస్తూనే ఉన్నాయి. ఉదయం ఉగ్గాణి, బజ్జీ తిని బయలుదేరినవారు అంగళ్ళన్నీ తిరిగి, మధ్యాహ్నం రెండు గంటలు దాటిన తరువాత ఏదో ఒక హోటలులో కూర్చుంటారు. అప్పటికి ఆకలి మించిపోయి ఉంటుంది కనుక అవసరానికి మించి తింటారు. సాయంకాలం వారిలో ఒకరిద్దరు మా వైద్యశాల మెట్లెక్కి, “అయ్యా, కడుపు ఉబ్బరించింది, ఒక పొట్లం చూర్ణం ఇప్పించండి” అని అడగడం నాకు పరిపాటి.

కొన్నేండ్లుగా మరొక ప్రశ్న కూడా వినవస్తున్నది. “మా పిల్లవాడు అమెరికాలో ఉన్నాడు. లాస్ వేగాస్ చూపిస్తానంటున్నాడు. అక్కడి హోటళ్ళలో మేము ఏమి తినవచ్చు, ఏమి తినరాదు?” ఈ ప్రశ్నను మొట్టమొదట నన్ను అడిగినవారు పులివెందులలో చీనీతోట పెట్టుకున్న మా బావగారు. నేను ఇచ్చిన సమాధానం అసంపూర్ణం. అది ఆయన ప్రాణం మీదికి తెచ్చింది. ఆ సంగతిని దాచకుండా పాఠకులకు చెప్పడం వైద్యుడిగా నా ధర్మమని భావించి ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

ఎడారిలో వెలసిన విందుశాల

లాస్ వేగాస్ నెవాడా రాష్ట్రంలోని ఎడారి నగరం. అక్కడ ఏడాది మొత్తానికి కురిసే వాన సుమారు 10 సెంటీమీటర్లే. కరవుసీమ అని పేరుపడిన మన కడప జిల్లాలో అంతకు అనేక రెట్లు కురుస్తుంది. 1931లో ఆ రాష్ట్రం జూదాన్ని చట్టబద్ధం చేసింది. 1941లో నగరం వెలుపలి రహదారిపై ఎల్ రాంచో వేగాస్ అనే మొదటి విలాస హోటలు వెలసింది. అర్ధరాత్రి ఆకలి వేసిన జూదరి భోజనం కోసం బయటికి వెళ్ళిపోకుండా, కొద్దిపాటి ధరకు కావలసినంత వడ్డించుకొని తినే బఫే పద్ధతిని ఆ హోటలే ఆ దశకంలో ప్రారంభించింది. అన్నం పెట్టింది ఆకలి తీర్చడానికి కాదు, మనిషిని పందెం బల్ల దగ్గరే నిలిపి ఉంచడానికి! ఆ నగరపు విందుల రహస్యమంతా ఈ ఒక్క మాటలో ఉన్నది.

తరువాతి కాలంలో సీజర్స్ ప్యాలెస్ (1966), బెల్లాజియో (1998) వంటి మహాభవనాలు లేచాయి. ప్రపంచ ప్రసిద్ధులైన పాకశాస్త్ర నిపుణులు అక్కడ భోజనశాలలు తెరిచారు. 2020 నాటి కరోనా తరువాత పలు బఫేలు తిరిగి తెరుచుకోలేదు. మిగిలినవి నేడు ఖరీదైన విందులు. మన దేశంలోనూ గోవాలో, మాండవి నదిపై తేలే కాసినో నౌకలలో ప్రవేశ రుసుములోనే భోజనం, పానం కలిపి ఉంచడం వాడుక. ఊరు మారినా ఉపాయం మారలేదు.

నేను మరచిన ప్రశ్న

మా గురువుగారు జమ్మలమడుగులో పెన్నానది ఒడ్డున నివసించేవారు. చరక సంహిత విమానస్థానం మొదటి అధ్యాయంలో చెప్పిన ఆహారవిధికి సంబంధించిన ఎనిమిది అంశాలను ఆయన నాచేత వ్రేళ్ళు మడిపించి కంఠస్థం చేయించారు. అవి: పదార్థపు సహజ గుణమైన ప్రకృతి, వండే సంస్కారమైన కరణం, పదార్థాల కలయికయైన సంయోగం, పరిమాణమైన రాశి, దేశం, కాలం, తినే నియమమైన ఉపయోగసంస్థ, తినే మనిషియైన ఉపయోక్త. “రోగి భోజనం గురించి అడిగితే ఈ ఎనిమిదీ నీవు తిరిగి అడగాలి. ఒక్కటి విడిచినా వైద్యం కుంటిదే” అనేవారు.

బావగారికి మధుమేహం వచ్చి పదిహేనేండ్లు. ఉదయం, రాత్రి భోజనానికి అరగంట ముందు ఇన్సులిన్ సూది వేసుకొమ్మని ఆయన డాక్టరు చెప్పి ఉన్నారు. ప్రయాణానికి ముందు నన్ను సలహా అడిగినప్పుడు, “వేపుళ్ళు తగ్గించండి, మంచు వేసిన పానీయాలు ముట్టవద్దు, తీపి జోలికి పోవద్దు” అని చెప్పి ఊరుకున్నాను. అదంతా ప్రకృతి, కరణాల మాట. సూదికీ ముద్దకూ మధ్య ఎంత వ్యవధి ఉంటుందని, అనగా కాలాన్ని గురించి, నేను అడుగనే లేదు.

ఆ రాత్రి జరిగినది

2018 మే నెలలో మా మేనల్లుడు బావగారిని, అక్కయ్యను, నన్ను కాలిఫోర్నియా నుండి లాస్ వేగాస్ తీసుకువెళ్ళాడు. రాత్రి ఏడు గంటలకు బావగారు గదిలోనే సూది వేసుకున్నారు. భోజనశాల అదే హోటలులో ఉన్నది కదా, పది నిమిషాలలో చేరుకుంటామని మా నమ్మకం. కాని గది నుండి భోజనశాలకు దారి జూదశాల గుండా వెళుతుంది. ఆ విశాలమైన మందిరంలో గోడ గడియారం నాకు ఒక్కటీ కనబడలేదు. కిటికీలు లేవు. పగలో రాత్రో తెలియని వెలుతురు. దారి తప్పి తిరిగి, వరుస చివర చేరేసరికి ఏడున్నర. ఆ వరుసలో మరొక గంట గడిచింది.

బావగారి నుదుట చెమట పట్టింది. చేతులు వణికాయి. అడిగినదానికి పొంతనలేని మాట చెప్పారు. నేను నాడి పట్టి చూచి, ప్రయాణపు బడలిక వలన వాతం ప్రకోపించిందని తలచి, “కాసేపు కూర్చోండి బావా, వేడినీళ్ళు తెప్పిస్తాను” అన్నాను. మేనల్లుడు నా మాట వినలేదు. “మామా, ఇది వాతం కాదు, షుగర్ పడిపోయింది” అంటూ సంచిలోని యంత్రంతో పరీక్షించాడు. అంకె 54. అక్కడి పరిచారిక ఒకామె పరుగున తెచ్చిన నారింజరసం త్రాగించాము. పావుగంటకు ఆయన మాట స్పష్టమయింది. మరి కొంత ఆలస్యమై స్పృహ తప్పి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే నేటికీ నా గుండె జల్లుమంటుంది. వేడినీటితో తీరే అవస్థ కాదది. నా నలభై యేండ్ల నాడీజ్ఞానం ఆ సమయాన నన్ను కాపాడలేదు. నేను అడుగకుండా విడిచిన ఆ ఒక్క ప్రశ్నే మా కుటుంబాన్ని దుఃఖసముద్రంలో ముంచి ఉండేది.

పందెమూ పళ్ళెమూ

కథ అంతటితో ముగియలేదు. బల్ల వద్ద కూర్చున్న తరువాత బావగారు పళ్ళెం మీద పళ్ళెం తెచ్చుకోసాగారు. అక్కయ్య వారించబోతే, “ఇన్ని దుడ్లు కట్టినాం గదా, ఊరికే పోనిస్తామా?” అన్నారు. నేనూ మినహాయింపు కాను. వేయించిన పదార్థాలు, పండ్లు, పాల మీగడతో చేసిన మంచు మిఠాయి, ఒకదానికొకటి పొసగని వాటినన్నింటినీ ఒకే పూట పొట్టలో వేశాను. అర్ధరాత్రి ఆయన చక్కెర 300 దాటింది. నాకు పుల్లని త్రేన్పులతో తెల్లవారింది.

మంచిదికాదని తెలిసి కూడా చేసే పనికి మన శాస్త్రం ప్రజ్ఞాపరాధమని పేరు పెట్టింది. రోగాలకు మూలకారణాలలో దానిని ఒకటిగా లెక్కించింది. జూదరి పోయిన సొమ్మును రాబట్టాలని మరొక పందెం వేస్తాడు. విందుకు వెళ్ళినవాడు కట్టిన సొమ్మును రాబట్టాలని మరొక పళ్ళెం నింపుతాడు. ఇద్దరూ లెక్క తప్పినవారే. కట్టిన రుసుము తిరిగిరాదు. అధికంగా తిన్నందుకు మాత్రం మరునాడు శరీరం వేరుగా సుంకం వసూలు చేస్తుంది.

పాటించవలసిన నియమాలు

బయట భోజనం పాపం కాదు. ప్రొద్దుటూరు హోటలైనా, లాస్ వేగాస్ విందైనా ఈ నియమాలు పాటిస్తే నిర్భయంగా ఆస్వాదించవచ్చు.

1. మధుమేహానికి సూది గాని, మాత్ర గాని వాడేవారు ప్రయాణానికి ముందే తమ డాక్టరును కలిసి, భోజనం ఆలస్యమైతే ఏమి చేయాలో కాగితం మీద వ్రాయించుకోవాలి. అమెరికాలో వేసవి గడియారం ప్రకారం లాస్ వేగాస్‌కు, మనకు పన్నెండున్నర గంటల తేడా. అనగా మన పగలు వారికి రాత్రి. మందు వేళలు ఎలా మార్చుకోవాలో కూడా అడగాలి. ఆహారం ఎప్పుడు చేతికందుతుందో తెలియకుండా సూది వేసుకోరాదు.

2. జేబులో చక్కెర పొట్లం ఉండాలి. చెమట, వణుకు, గుండెదడ, తడబాటు కలిగి, పరీక్షలో 70 కంటె తగ్గితే మూడు చెంచాల చక్కెర, అనగా సుమారు 15 గ్రాములు, నీటిలో కలిపి త్రాగి, 15 నిమిషాలకు మరల పరీక్షించాలి. యంత్రం దగ్గర లేకపోయినా చక్కెర ఇవ్వడానికి ఆలస్యం చేయరాదు. స్పృహ తప్పినవారి నోట ఏమీ పోయరాదు. వెంటనే మన దేశంలో 108కి, అమెరికాలో 911కి ఫోను చేయాలి.

3. చేతికి గడియారం కట్టుకోండి. గోడలు వేళ చెప్పని చోట మణికట్టే చెప్పాలి.

4. బఫేలో మొదట ఖాళీ చేతులతో ఒక ప్రదక్షిణం చేయండి. అన్నీ చూచి, నాలుగైదు పదార్థాలు ఎంచుకొని ఒకే పళ్ళెంలో వడ్డించుకోండి. వాగ్భటుడు కడుపులో సగం అన్నానికి, పావు నీటికి, మిగిలిన పావు వాయువుకు విడువమన్నాడు.

5. అక్కడ అడగకుండానే మంచు నీళ్ళు తెచ్చి పెడతారు. మంచు లేకుండా ఇమ్మని మర్యాదగా అడిగితే ఇస్తారు. భోజన సమయంలో మంచు నీరు జఠరాగ్నిని మందగింపజేస్తుందని మన శాస్త్రమతం.

6. జూదం ఆడేవారికి మద్యం ఉచితంగా అందించడం అక్కడి ఆచారం. ఇన్సులిన్ వాడేవారికి మద్యం మరింత అపాయకరం. త్రాగిన కొన్ని గంటల తరువాత, నిద్రలోనే చక్కెర పడిపోవచ్చు.

విందు మరునాటికి గృహవైద్యం

జీలకర్ర, వాము, శొంఠి సమభాగాలుగా తీసుకొని, విడివిడిగా దోరగా వేయించి, దంచి వస్త్రగాళితం చేసి గాజు సీసాలో భద్రపరచుకోండి. భోజనానంతరం ఉబ్బరం కలిగితే పావు చెంచా చూర్ణాన్ని గోరువెచ్చని నీటితో గాని, పలుచని మజ్జిగతో గాని సేవించవచ్చు. కడుపులో పుండ్లు ఉన్నవారు, గర్భిణులు వైద్యుని అడగకుండా వాడరాదు.

మరునాడు స్వచ్ఛమైన త్రేన్పు, శరీర లాఘవం, నిజమైన ఆకలి కలిగేవరకు ఘనాహారం తీసుకొనక, పెసరపప్పు, బియ్యం కలిపి కాచిన పలుచని జావతో సరిపెట్టుకోవాలి. లంఘనం పరమౌషధమని పెద్దల మాట. కాని మధుమేహానికి మందులు వాడేవారు తమంతట తాము లంఘనం చేయరాదు. వారికి అది ఔషధం కాక ఆపద కావచ్చు. విందు తరువాత ఛాతీలో బరువు, చల్లని చెమట, ఎడమ భుజానికి ప్రాకే నొప్పి ఉంటే అజీర్ణమని చూర్ణం మ్రింగుతూ కూర్చోక తక్షణం ఆసుపత్రికి వెళ్ళండి. నాడి పట్టి ఆలస్యం చేసిన వైద్యుడిగా ఈ మాట చెబుతున్నాను.

ఇటీవల మనుమరాలి పెళ్ళి నగల కోసం బావగారు ప్రొద్దుటూరు వచ్చారు. అంగళ్ళు తిరిగేసరికి చీకటి పడింది. రాత్రి భోజనానికి హోటలులో కూర్చోగానే, వడ్డించే కుర్రవాణ్ణి పిలిచి, “నాయనా, అన్నం ఎంతసేపట్లో వస్తాది?” అని అడిగారు. “అర్ధగంట పడుతుంది సార్” అన్నాడతను. బావగారు మణికట్టు చూసుకొని, నా వైపు తిరిగి నవ్వి, “ఇప్పుడు వేసుకోవచ్చు గదా బామ్మర్దీ?” అంటూ సూది పెట్టె తెరిచారు. ఎందుకైనా మంచిదని నేను జేబులోని చక్కెర పొట్లాన్ని ఒకసారి తడిమి చూసుకున్నాను.