భిన్నాలంటే భయమెందుకు?

మొన్న దసరా సెలవులకు ముందు మా తమ్ముడి కూతురు లెక్కల పరీక్ష కాగితాన్ని బట్టల బీరువాలో దాచిపెట్టింది. ఎనిమిదో తరగతి చదువుతోంది. ఇరవై ఐదుకు ఏడు మార్కులు. "నాకు లెక్కలు రావు పెదనాన్నా! పదో తరగతి అయ్యాక లెక్కలు లేని చదువే చదువుతాను" అంది.

కాగితం తిరగేసి చూశాను. తప్పులన్నీ ఒకేచోట, భిన్నాలున్న సమీకరణాల్లోనే ఉన్నాయి. సిగ్గుపడాల్సిన సంగతేమిటంటే, ఆ తప్పు నేర్పింది నేనే. పరీక్ష ముందురోజు బ్యాంకు నుంచి ఆలస్యంగా వచ్చి, "అడ్డంగా గుణించెయ్యమ్మా, అయిపోతుంది" అన్నాను. సమానం గుర్తుకు ఇటొక భిన్నం, అటొక భిన్నం ఉంటేనే ఆ కిటుకు పనిచేస్తుంది. రెండు మూడు భిన్నాలు కూడికలో ఉంటే పనిచెయ్యదు. ఆ మాట చెప్పే ఓపిక నాకు లేకపోయింది.

ఆదివారం ఇద్దరం కూర్చున్నాం. ఈసారి కథలాంటి లెక్క ఇచ్చాను. ఒక పెద్దాయన తన డబ్బులో సగం భార్యకు, పావు వంతు కూతురికి, ఆరో వంతు చెల్లెలికి ఇచ్చాడు. మిగిలిన 50,000 రూపాయలు ఊరి బడికి రాశాడు. మొత్తం డబ్బెంత?

తెలియని మొత్తాన్ని పుస్తకాల్లో ఎక్స్ అంటారు. మేము 'మొ' అనుకున్నాం.

మొ/2 + మొ/4 + మొ/6 + 50,000 = మొ

హారాలు 2, 4, 6. ఈ మూడూ నిశ్శేషంగా భాగించే అతి చిన్న సంఖ్య, అంటే క.సా.గు., 12. అంతవరకూ తనే చెప్పింది. పన్నెండుతో గుణించి ఇలా రాసింది:

6 మొ + 3 మొ + 2 మొ + 50,000 = 12 మొ

"మొ అంటే 50,000. వచ్చేసింది!" అని పెన్ను కింద పెట్టింది.

"సరే, భార్యకెంత వచ్చింది?"

"సగం కదా, 25,000."

"బడికి?"

"యాభై..." అని ఆగిపోయింది. "ఉన్నదంతా బడికే ఇచ్చేస్తే మిగతావాళ్ళకు ఎక్కడిది పెదనాన్నా?"

తప్పు తనకే దొరికింది. 50,000 కింద హారం లేదు కదా అని దాన్ని గుణించకుండా వదిలేసింది. చాలామంది పిల్లలు జారిపోయేది ఇక్కడే. సమీకరణం తక్కెడ వంటిది. ఒక పళ్ళెంలోని మూడు వస్తువులను పన్నెండింతలు చేసి, నాలుగోదాన్ని అలాగే ఉంచితే తక్కెడ ఒరిగిపోతుంది. హారం ఉన్నా లేకున్నా, ప్రతి పదాన్నీ గుణించాల్సిందే.

6 మొ + 3 మొ + 2 మొ + 6,00,000 = 12 మొ

ఎడమవైపు 11 మొ. అది తీసేస్తే మొ = 6,00,000. ఇక సరిచూసుకోవాలి. భార్యకు 3,00,000, కూతురికి 1,50,000, చెల్లెలికి 1,00,000, బడికి 50,000. కూడితే సరిగ్గా ఆరు లక్షలు. మా బ్యాంకులో పద్దు రెండు వైపులా సరిపోతేనే పని పూర్తయినట్లు. లెక్కల పుస్తకంలోనూ అంతే.

ఇలాంటి లెక్కలు మనకు కొత్తవేమీ కావు. 9వ శతాబ్దంలో, కన్నడ దేశాన్నేలిన రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో, మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం రచించాడు. భాగాలు పోగా మిగిలింది చెప్పి మొత్తం ఎంతని అడిగే లెక్కలు అందులో ఎన్నో ఉన్నాయి. మనం క.సా.గు. అనేదాన్ని ఆయన 'నిరుద్ధం' అన్నాడు. ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. బళ్ళారిలో కన్నడం మధ్య తెలుగు మాట్లాడుకునే మా ఇంటికి ఇది దగ్గరి చుట్టరికంలా తోచింది.

మన పిల్లలు బడిలో ఏ భాషలో చదివినా, ఇంట్లో పావు, సగం, ముప్పావు అంటూ లెక్కలడుగుదాం. "వన్ బై ఫోర్" అని చదివినప్పుడు బెదిరిన పిల్ల, పావు వంతు అనగానే అమ్మ పాలు కొలవడం గుర్తుచేసుకుంది. పెద్దవాళ్ళకు నాదొక మనవి: తొందరలో కిటుకులు నేర్పకండి. కారణం చెప్పే తీరిక లేకపోతే, రేపు చెబుతాననండి.

డిసెంబరు పరీక్షలో అమ్మాయికి పదహారు వచ్చాయి. పెద్ద గొప్పేమీ కాదు. కానీ ఈసారి కాగితం తనే తెచ్చి నా చేతిలో పెట్టింది.