రాగిరేకుపై రైతు శ్రమ: కేటె కోల్విట్స్ ‘రైతుల యుద్ధం’

5.1 పరిచయం

రాగిరేకు మీద ఆమ్లంతో గీతలు తొలిపించి, వాటిలో సిరా నింపి, కాగితంపై అచ్చు తీసే పద్ధతిని ఎచింగ్ అంటారు. ఈ పద్ధతిలో వ్యవసాయ శ్రమను చిత్రించిన ఒక ప్రసిద్ధ చిత్రమాలను ఈ భాగంలో పరిశీలిద్దాం. జర్మన్ కళాకారిణి కేటె కోల్విట్స్ (1867-1945) 1902-1908 మధ్య రూపొందించిన ఈ మాలలో ఏడు చిత్రాలున్నాయి.

5.2 చారిత్రక నేపథ్యం

1524-25లో జర్మన్ ప్రాంతాల రైతులు తమ ప్రభువులపై తిరగబడ్డారు. 1525 మార్చిలో మెమ్మింగెన్ పట్టణంలో వారు ప్రకటించిన పన్నెండు కోరికల్లో దాస్యం రద్దు, వెట్టిచాకిరీ తగ్గింపు కూడా ఉన్నాయి. ప్రభువులు ఆ తిరుగుబాటును దారుణంగా అణచివేశారు. విల్‌హెల్మ్ జిమ్మర్‌మన్ రాసిన చరిత్ర గ్రంథం ద్వారా కోల్విట్స్ ఈ విషయాలు తెలుసుకున్నారు. అప్పటికి ఆమె బెర్లిన్‌లోని కార్మికవాడలో, వైద్యుడైన భర్తతో నివసిస్తున్నారు. శ్రమజీవుల కష్టాలను దగ్గరగా చూసిన అనుభవం ఈ చిత్రాల్లో కనిపిస్తుంది.

5.3 ‘దున్నేవారు’

ఇది మాలలో మొదటి చిత్రం. పశువులను కట్టవలసిన చోట ఇద్దరు మనుషులు నాగలి లాగుతుంటారు. వారి శరీరాలు దాదాపు నేలకు సమాంతరంగా వంగిపోయి ఉంటాయి. పల్లె అందాలు గాని, పంట కళకళ గాని ఇందులో కనిపించవు. మనిషిని పశువుగా మార్చిన వ్యవస్థను చిత్రకారిణి ఆ వంగిన వీపుల ద్వారానే చెప్పారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. తిరుగుబాటును చూపే ఐదో చిత్రం ‘విజృంభణ’ 1902-03లోనే తయారైంది. వరుసలో మొదటిదైన ‘దున్నేవారు’ మాత్రం పలు ప్రయత్నాల తరువాత 1907లో గాని తుదిరూపం పొందలేదు. పోరాటాన్ని ముందు చిత్రించిన కళాకారిణి, దానికి కారణమైన శ్రమను చిత్రించడానికి ఇంకా కొన్నేళ్లు తీసుకున్నారు.

5.4 పనిముట్టు, ఆయుధం

మూడో చిత్రంలో (1905) ఒక స్త్రీ పెద్ద కొడవలికి పదును పెడుతుంటుంది. కళ్లు సగం మూసుకొని, ముఖం కొడవలి అంచుకు దగ్గరగా ఉంటుంది. పైరు కోసే ఆ పనిముట్టే రేపు ఆయుధం కాబోతున్నదని మనకు అర్థమవుతుంది. దీనికి ముందు చేసిన ఒక రూపంలో ఆమె వెనుక మరొక వ్యక్తి ఉండి ప్రేరణ ఇస్తున్నట్లు చిత్రించారు. కోల్విట్స్ దానిని విడిచిపెట్టి, స్త్రీని ఒంటరిగా నిలిపారు. అందువల్ల తిరుగుబాటు ఆలోచన బయటి నుంచి వచ్చినట్లు కాక, ఆమె మనసులోనే పుట్టినట్లు తోస్తుంది.

ఆరో చిత్రంలో యుద్ధం ముగిసింది. చీకట్లో లాంతరుతో ఒక తల్లి శవాల మధ్య కొడుకును వెతుకుతుంటుంది. ఆమె నడుము కూడా వంగే ఉంది. మొదటి చిత్రంలోని వంగిన శరీరాలతో దీనిని పోల్చి చూడండి.

5.5 సారాంశం

ఈ మాలలో శ్రమ కథకు నేపథ్యం మాత్రమే కాదు, కథకు మూలకారణం. ‘దున్నేవారు’ను తొలగిస్తే మిగిలిన చిత్రాలు కేవలం హింసా దృశ్యాలుగా మిగులుతాయి. అది ముందుంటే ‘ఎందుకు?’ అన్న ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ‘దున్నేవారు’ చిత్రంలో శరీర భంగిమ ఏ సామాజిక స్థితిని సూచిస్తుంది?
2. కొడవలి చిత్రంలోని రెండో వ్యక్తిని తొలగించడం వల్ల అర్థం ఎలా మారింది?