గొంతులో గ్రంథి.. కడుపులో బిడ్డ
- అమ్మకు థైరాయిడ్ తగ్గితే పాపాయికి ముప్పు
- ఒక్క రక్తపరీక్షతో తెలిసిపోతుంది

కోవిల్‌పట్టి: పెళ్లయి రెండేళ్లు దాటినా కడుపు పండకపోతే ముందు కోడలి మీదే మాట పడుతుంది. ఇరుక్కంగుడి మారియమ్మకు మొక్కు, జాతకాలు, నాటుమందు.. ఇవన్నీ అయ్యాకే ఆస్పత్రి గడప. అక్కడ రాసే మొదటి పరీక్షల్లో ఒకటి టీఎస్‌హెచ్. మొక్కును ఎవరూ కాదనరు. దాంతోపాటే ఈ పరీక్షా చేయించుకుంటే ఏళ్లు కలిసొస్తాయి.

అలుపు కాదు.. జబ్బు
గొంతు ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉండే చిన్న గ్రంథి థైరాయిడ్. దీని హార్మోన్ తగ్గితే నీరసం, బరువు పెరగడం, జుట్టు రాలడం, మలబద్ధకం కనిపిస్తాయి. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పొద్దంతా పనిచేసే ఆడవాళ్లు 'పని అలుపులే' అనుకుంటే జబ్బు ముదిరిపోతుంది. నెలసరి క్రమం తప్పుతుంది, అండం సరిగా విడుదల కాదు. గర్భం నిలిచినా అబార్షన్, బీపీ, నెలలు నిండకుండానే కాన్పు వంటి ముప్పు ఉంటుంది. హార్మోన్ మరీ ఎక్కువైనా ఇబ్బందే. మగవారిలో థైరాయిడ్ తేడా చేస్తే వీర్యకణాలు దెబ్బతింటాయి. కాబట్టి నెపం కోడలి మీదే వేయడం తగదు.

తొలి 3 నెలలే కీలకం
బిడ్డ థైరాయిడ్ పని మొదలుపెట్టేది దాదాపు 12వ వారంలో. అందాకా మెదడు ఎదుగుదలకు తల్లి హార్మోనే ఆధారం. ఇప్పటికే మాత్ర వేసుకుంటున్నవారు గర్భం తెలిసిన వెంటనే డాక్టర్‌ను కలవాలి. మోతాదు సాధారణంగా 25 నుంచి 30 శాతం పెంచాల్సి వస్తుంది. 'కడుపుతో ఉన్నప్పుడు ఇంగ్లీషు మందెందుకు' అని ఇంట్లో పెద్దవాళ్లు మాన్పించడమే అసలు ప్రమాదం. థైరాక్సిన్ మాత్ర గర్భిణికి, పాలిచ్చే తల్లికి సురక్షితమే.

ఉప్పు పక్కనే ఉన్నా..
థైరాయిడ్ హార్మోన్‌కు ముడిసరుకు అయోడిన్. గర్భిణికి రోజుకు 250 మైక్రోగ్రాములు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తూత్తుకుడి ఉప్పు మడులు మన జిల్లాలోనే ఉన్నాయి. కానీ మడి నుంచి నేరుగా వచ్చే కల్లుప్పులో అయోడిన్ చాలదు, విడిగా కలపాల్సిందే. అయోడిన్ లేని ఉప్పును తిండికి అమ్మకూడదని 2006 నుంచి దేశమంతటా నిషేధం ఉంది. అయినా 2018-19 జాతీయ సర్వేలో చాలినంత అయోడిన్ ఉన్న ఉప్పు వాడే ఇళ్లు తమిళనాడులో 61.9 శాతమే. దేశంలో ఇదే అట్టడుగు. ఆ పైమెట్టు 63.9 శాతంతో ఆంధ్రప్రదేశ్‌ది. అయితే అయోడిన్ ఉప్పు తిన్నా థైరాయిడ్ రావచ్చు. ఒంట్లోని రోగనిరోధక శక్తే గ్రంథిపై తిరగబడటం మరో ముఖ్య కారణం. అందుకే ఉప్పు మార్చామని పరీక్ష మానకూడదు.

ఎవరు చేయించుకోవాలి?
గతంలో అబార్షన్ అయినవారు, పిల్లలు ఆలస్యమవుతున్నవారు, గొంతు వాపు ఉన్నవారు, ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ ఉన్నవారు, బాగా లావుగా ఉన్నవారు తొలి చెకప్‌లోనే పరీక్ష చేయించుకోవాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2014 మార్గదర్శకాల సారాంశం. కోవిల్‌పట్టి ప్రభుత్వాస్పత్రికి గానీ, 2022లో మొదలైన విరుదునగర్ ప్రభుత్వ వైద్య కళాశాల ఆస్పత్రికి గానీ వెళ్లినప్పుడు 'థైరాయిడ్ టెస్టు రాయండి' అని నోరు తెరిచి అడగాలి.

ఇవి మరవొద్దు
- మాత్ర పరగడుపున నీళ్లతోనే. టీ, కాఫీ అరగంట నుంచి గంట తర్వాతే.
- ఐరన్, కాల్షియం మాత్రలకు, దీనికి మధ్య 4 గంటల ఎడం.
- మాత్ర వాడే గర్భిణికి తొలి అయిదు నెలలు 4 వారాలకోసారి పరీక్ష.
- కాన్పయిన 6 వారాలకు మళ్లీ పరీక్ష. పుట్టిన బిడ్డకూ తొలి రోజుల్లోనే.
- ఉప్పు ప్యాకెట్‌పై అయోడిన్ గుర్తు చూడాలి. మూత ఉన్న డబ్బాలో దాచాలి.