విడిభాగం దొరకని వాహనం

దారిలో ఆగిపోయిన బండిని తోసుకుంటూ కూడలిలోని మెకానిక్కు వద్దకు చేర్చడం, అతడు ప్లగ్గు విప్పి తుడిచి బిగించగానే అది మళ్ళీ కదలడం తెలుగునాట అందరికీ పరిచితమైన దృశ్యమే. పెట్రోలు బండికి ఇంజను ఎంత బలమో, ఈ మెకానిక్కూ, అతడికి సరకు అందించే విడిభాగాల దుకాణమూ అంతే బలం. క్లచ్చి తీగ, బ్రేకు షూ, గొలుసు మండల కేంద్రాలలో సైతం లభిస్తాయి. అసలు సంస్థ తయారుచేసినది లేకపోతే దానికి సరిపోయే మరొకటి దొరుకుతుంది. దశాబ్దాల వాడకం వల్ల ఏర్పడిన సదుపాయమిది.

విద్యుత్ ద్విచక్ర వాహనం ఈ సదుపాయానికి వెలుపల పుట్టింది. దీనిలో ప్రధానమైన భాగాలు కొద్దిపాటివే. బ్యాటరీ, మోటారు, వాటి నడుమ విద్యుత్ప్రవాహాన్ని అదుపు చేసే కంట్రోలరు, ఛార్జరు. చాలా బండ్లలో మోటారు వెనుక చక్రం మధ్యనే ఇమిడి ఉంటుంది. కదిలే భాగాలు తక్కువ కనుక మరమ్మతులూ తక్కువేనని అమ్మకందారులు చెప్పే మాటలో అసత్యం లేదు. వారు చెప్పకుండా వదిలివేసేది మరొకటి ఉన్నది. ఆ కొద్ది భాగాలలో ఏది చెడినా బండి నిలిచిపోతుంది. ఆ భాగం తరచుగా అమ్మిన సంస్థ వద్ద తప్ప మరెక్కడా దొరకదు.

ఉదాహరణకు చక్రపు మోటారులో సాధారణంగా మూడు హాల్ సెన్సార్లు ఉంటాయి. చక్రం ఏ స్థితిలో ఉన్నదో కంట్రోలరుకు తెలియజేయడం వాటి పని. వాటిలో ఒకటి పాడైతే బండి కుదుపులతో నడుస్తుంది, లేదా కదలనే కదలదు. అది గోరంత వస్తువు. వెల కూడా స్వల్పమే. దానిని గుర్తించి మార్చగల నేర్పరి సర్వీసు కేంద్రంలో లేనప్పుడు మోటారు మొత్తాన్నీ మార్చాలంటారు. ఆ మోటారు ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పరు. కంట్రోలరు సంగతి ఇంకా చిక్కైనది. తీగల అమరికా, లోపలి సాఫ్ట్‌వేరూ ఒక్కొక్క సంస్థకు ఒక్కొక్క తీరుగా ఉంటాయి. కొన్ని బండ్లలో కంట్రోలరు తన బ్యాటరీని గుర్తిస్తేనే పనిచేస్తుంది. వీధి చివరి మెకానిక్కు ఎంత తెలివైనవాడైనా అక్కడ నిస్సహాయుడే.

ఈ కొరతకు మూలం వ్యాపారం సాగిన తీరులో ఉన్నది. తొలినాళ్ళలో పలువురు అమ్మకందారులు చైనా నుండి భాగాలను దిగుమతి చేసుకొని, ఇక్కడ కూర్చి, తమ పేరు అంటించి అమ్మారు. తరువాతి సరకులో నమూనా మారితే పాత బండికి భాగం లేనట్లే. 2019లో మొదలైన ఫేమ్ రెండవ దశ పథకం స్వదేశీ భాగాల వినియోగాన్ని రాయితీకి షరతుగా పెట్టింది. ఆ షరతు పాటించలేదన్న కారణంతో 2023లో కొన్ని సంస్థలను రాయితీ సొమ్ము తిరిగి చెల్లించవలసిందిగా ప్రభుత్వం కోరింది.

నెలవారీ వాయిదాలపై ఇటువంటి బండిని కొన్న ఒక గ్రామీణ ఉపాధ్యాయిని పరిస్థితిని ఊహించవచ్చు. ఆరు నెలలకే బండి ఆగింది. సర్వీసు కేంద్రం జిల్లా కేంద్రంలో ఉన్నది. అద్దె ఆటోలో బండిని అక్కడికి చేర్చినందుకే కొంత ఖర్చయింది. "పార్టు ఇంకా రాలేదమ్మా, వచ్చే వారం కనుక్కోండి" అన్న సమాధానం రెండు నెలలు వినిపించింది. ఈలోగా వాయిదా చెల్లించక తప్పదు, బడికి బస్సు ఛార్జీలూ తప్పవు, వారంటీ గడువు మాత్రం తరిగిపోతూనే ఉంటుంది. పైగా నెలల తరబడి ఛార్జింగు లేకుండా పడి ఉన్న లిథియం బ్యాటరీ క్రమంగా క్షీణించి, ఒక్కొక్కప్పుడు తిరిగి పనికిరాని స్థితికి చేరుతుంది. భాగం కోసం వేచి ఉండడమే మరొక భాగాన్ని చెడగొడుతుందన్నమాట! అందులోనూ బ్యాటరీ బండి వెలలో పెద్ద వాటా గలది.

ఇటువంటి జాప్యాన్ని వినియోగదారుల రక్షణ చట్టం సేవాలోపంగా పరిగణించడానికి అవకాశమున్నది. 1986 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2019 చట్టం 2020 జులై 20న అమలులోకి వచ్చింది. దీనిలో సామాన్యునికి మేలు చేసిన మార్పు ఒకటున్నది. వినియోగదారుడు తాను నివసించే చోటు గల జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. సంస్థ కార్యాలయం ఉన్న దూరనగరానికి పోనక్కరలేదు. చెల్లించిన మూల్యం 50 లక్షల రూపాయలు మించని వివాదాలను జిల్లా కమిషన్ విచారిస్తుంది. 5 లక్షల లోపు అయితే రుసుము లేదు. న్యాయవాది లేకుండా స్వయంగా వాదించుకోవచ్చు. వివాదకారణం ఏర్పడిన నాటి నుండి రెండేళ్ళలోగా ఫిర్యాదు దాఖలు కావాలి. అంతకుముందే 1915 అనే జాతీయ సహాయవాణి సంఖ్యకు తెలుపుకొని రాజీకి ప్రయత్నించవచ్చు.

ఆ సహాయవాణి విలువ 2024లో వెల్లడయింది. ఒక ప్రముఖ విద్యుత్ స్కూటరు సంస్థపై ఒక్క సంవత్సరంలో పదివేలకు పైగా ఫిర్యాదులు అందడంతో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆ ఏడాది అక్టోబరులో సంజాయిషీ నోటీసు జారీ చేసింది. దాదాపు అన్నింటినీ పరిష్కరించామని ఆ సంస్థ బదులిచ్చింది. ఒక్కొక్కరి గొణుగుడుగా మిగిలి ఉంటే ఆ ఫిర్యాదులకు ఎవరూ జవాబు చెప్పవలసి వచ్చేది కాదు.

ఆచరణలో అనేకుల ఫిర్యాదు వీగిపోయేది న్యాయం లేక కాదు, కాగితం లేక. ఉపాధ్యాయిని పదిసార్లు సర్వీసు కేంద్రానికి వెళ్ళినా, ఆ రాకపోకలకు ఆధారం లేకపోతే కమిషన్ ముందు అవి జరగనట్లే. బండి అప్పగించిన రోజున ఇచ్చే జాబ్‌కార్డు ఇక్కడ కీలకం. తేదీ, తిరిగిన కిలోమీటర్లు, చెప్పిన లోపం దానిపై ఉంటాయి. కొన్ని కేంద్రాలు "భాగం వచ్చాక రాస్తాం" అంటూ జాబ్‌కార్డు ఇవ్వడాన్ని వాయిదా వేస్తాయి. జాప్యం ఎన్నాళ్ళో లెక్క తేలకుండా చేసే పద్ధతి ఇదే. అప్పుడు బండి అప్పగించినట్లు ఒక లేఖ రాసి, దాని నకలుపై కేంద్రం ముద్ర వేయించుకోవాలి. ముద్ర వేయడానికి వారు నిరాకరిస్తే అదే లేఖను స్పీడ్ పోస్టులో పంపి, తపాలా రసీదును కొనుగోలు బిల్లుతోపాటు భద్రపరచుకోవాలి.