పాత చక్రము - కొత్త ఫోర్కు

బండికి ఇరుసు ఎంతటిదో సైకిలు చక్రమునకు హబ్బు అంతటిది. ఊచలన్నియు దానియందే మొదలై రిమ్మును చేరును. అట్టి హబ్బు ఏ లోపమును లేక తిరుగుచున్నను, కొత్త ఫోర్కులో ఇమడనందున చక్రమంతయు అటకెక్కుట కొండసైకిళ్ల లోకమున తరచు జరుగు సంగతి.

ఈ సైకిళ్లకు పుట్టినిల్లు కాలిఫోర్నియా. 1976లో అచ్చటి మెరీన్ కౌంటీ యువకులు బరువైన పాత సైకిళ్లపై కొండబాటల వెంట పందెములు దిగిరి. తరువాత చాలకాలము ముందు హబ్బు వెడల్పు 100 మిల్లీమీటర్లుగా, ఇరుసు కొన 9 మిల్లీమీటర్లుగా స్థిరపడినది. ఫోర్కు కొనలయందలి తెరచిన గాడిలో అది కూర్చుండెడిది. మీట మడచినచో బిగిసెడిది.

డిస్కు బ్రేకులు వచ్చిన పిదప చిక్కు తలయెత్తినది. బ్రేకు ఎడమకాలి వెనుక నుండుటచే, పట్టినప్పుడెల్ల ఇరుసును గాడినుండి క్రిందికి త్రోయును. మీట సడలెనా, చక్రమే ఊడవచ్చును! కొండ దిగువేళ అది ప్రాణాపాయము. అందుచే గాడికి మారుగా రంధ్రము చేసి, హబ్బు గుండ దూరి ఫోర్కున మరతో బిగియు 15 మిల్లీమీటర్ల ఇరుసును తెచ్చిరి. 2015 ప్రాంతమున వెడల్పు సైతము 110కి పెరిగినది. దీనికి 'బూస్ట్' అని పేరు. ఊచల ఏటవాలు హెచ్చి చక్రము గట్టిపడునన్నది నిజమే. కాని ఆ పది మిల్లీమీటర్లలో రౌతు అవసరమెంత, వర్తకుని అవసరమెంత యని అడుగ బుద్ధిపుట్టును.

పాత హబ్బును వాడదలచినవారు మొదట దాని కొనమూతలు ఊడివచ్చునో లేదో చూడవలెను. ఊడివచ్చి, లోన చాలినంత బోలుగా నున్నచో, ఆ హబ్బుకే తగిన 15 మిల్లీమీటర్ల మూతలు తొడుగవచ్చును. కోనులు, గుండ్లు గల పాతరకపు హబ్బునకు ఈ యోగము లేదు. దానిని తొలిచి పెద్దది చేయబూనుట సాహసము కాదు, అవివేకము.

ఇక వెడల్పు. ఆరు మరల డిస్కైనచో రెండు ప్రక్కల ఐదేసి మిల్లీమీటర్ల బిళ్లలుంచి, డిస్కు క్రిందను అంత మందపు బిళ్లను చేర్చి, పొడవైన మరలతో బిగింపవచ్చును. ఊచల జోలి అక్కరలేదు. నాకు మాత్రము రెండవ మార్గమే నచ్చును: కుడివైపుననే పది మిల్లీమీటర్ల బిళ్ల నుంచుట. ఎడమకొన ఫోర్కును ఆనియుండును గనుక డిస్కు సరియైన చోటనే నిలుచును. హబ్బు ఐదు మిల్లీమీటర్లు ఎడమకు జరిగినది కావున, కుడి ఊచలు బిగించి, ఎడమవి వదలి, రిమ్మును అంతమేర కుడికి లాగవలెను. ఇందొక లాభము గలదు. డిస్కునకు చోటిచ్చుటకై లోపలికి జరిగిన ఎడమ అంచు ఇప్పుడు రిమ్మునుండి దూరమగును. ఇరుప్రక్కల ఊచల బిగువు దాదాపు సమమగును.

బిళ్ల వదులుగా నుండు రకమైనచో కొంచెము గ్రీజు అంటించి కూర్చవలెను. లేనిచో దారిలో చక్రము విప్పినప్పుడు జారి గడ్డిలో పడును. అది దొరకనిదే చక్రము మరల ఎక్కదు.