బుడగలు లేస్తూనే చల్లబడే నీళ్లు

పాత్రలో నురగ బుసబుసా పొంగితే నీళ్లు వేడెక్కాయనే పిల్లలు అనుకుంటారు. వాళ్లు రోజూ చూసే బుడగలు పొయ్యి మీద మరిగే ఎసరులోవి మరి. వేడిని పీల్చుకునే ఉష్ణగ్రాహక చర్యల పాఠం ఈ నమ్మకం దగ్గరే మొదలవ్వాలి. వేడెక్కుతుందా, చల్లబడుతుందా అని ముందే అడిగి, జవాబులు బోర్డు మీద రాయించి, ఆ తర్వాతే ప్రయోగం చేయాలి.

పదో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం మొదటి పాఠంలో బేరియం హైడ్రాక్సైడ్, అమ్మోనియం క్లోరైడ్ కలిపే ప్రయోగం ఉంది. పరీక్షనాళిక గడ్డకట్టేంత చల్లబడుతుంది. కానీ నీళ్లలో కరిగే బేరియం సమ్మేళనాలు విషం, పైగా అమ్మోనియా ఘాటు. పిల్లల చేతికి నేనైతే ఇవ్వను.

నెల్లూరు ప్రాంతంలో నిమ్మకు కొదవ లేదు. గూడూరు, పొదలకూరు నిమ్మ మార్కెట్లు పేరుపడ్డవే. అయితే నిమ్మరసంలో సిట్రిక్ ఆమ్లం నూటికి ఐదారు పాళ్లే కాబట్టి కిరాణా కొట్టులో నిమ్మ ఉప్పు పేరుతో దొరికే సిట్రిక్ ఆమ్లమే మేలు. పెద్ద బీకరులో 100 మిల్లీలీటర్ల నీళ్లు పోసి 15 గ్రాముల నిమ్మ ఉప్పు కరిగించాలి. కరిగేటప్పుడే నీళ్లు కాస్త చల్లబడతాయి. అది చర్య కాదు, కరగడమే. థర్మామీటరు మళ్లీ గది ఉష్ణోగ్రత చూపేదాకా ఆగి, 20 గ్రాముల వంటసోడా కొంచెం కొంచెంగా వేయాలి. నురగ పొంగుతుండగా పాదరసం ఐదారు డిగ్రీలకు పైగానే దిగుతుంది. మైపాడు వంటి తీర గ్రామాల్లో గాలి తేమతో బరువెక్కి ఉంటుంది కనుక, ఉక్క రోజున ఆ కాస్త చల్లదనానికే బీకరు బయట చెమ్మ పడుతుంది. అది లోపలి నుంచి కారిన నీరు కాదని పిల్లలకు చెప్పి తీరాలి.

ఆ వేడి ఎక్కడికి పోయింది? వంటసోడా స్ఫటికాలను విడదీయడానికి, బైకార్బనేటును నీరుగా, కార్బన్ డయాక్సైడుగా మార్చడానికి శక్తి కావాలి. కొత్త బంధాలు తిరిగి ఇచ్చేది అంతకంటే తక్కువ. ఆ లోటును చర్య నీళ్ల నుంచే తీసుకుంటుంది. అయినా చర్య తనంతట తానే జరుగుతుంది. ఎందుకంటే ఘనంలో బందీగా ఉన్నది వాయువై నలుదిక్కులా చెదిరిపోతుంది. ఆ చెదరడమే చర్యను ముందుకు నెడుతుంది.

ఐసులో ఇస్కపల్లి ఉప్పు కలిపితే సున్నాకు దిగువన 21 డిగ్రీల దాకా చల్లబడవచ్చు. బకెట్లో యూరియా కరిగించినా చెయ్యి జిల్లుమంటుంది. ఇవీ వేడిని పీల్చేవే, కానీ రసాయన చర్యలు కావు. ఈ తేడా చెప్పకుండా అన్నిటినీ ఒకే గాట కడితే పాఠం తప్పుతుంది.

పులికాట్ సరస్సు గుల్లల్ని బట్టీలో కాల్చి సున్నం చేయడం మాత్రం అచ్చమైన ఉష్ణగ్రాహక చర్య. 100 గ్రాముల కాల్షియం కార్బనేటు దాదాపు 178 కిలోజౌళ్ల వేడి మింగి 56 గ్రాముల సున్నంగా మిగులుతుంది. నీళ్లు చల్లినప్పుడు కుతకుతలాడేది ఆ వేడిలో మూడో వంతుకు పైనే. మిగతాది, గోడకు పూసిన సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చి మళ్లీ కార్బనేటుగా మారే కొద్దీ మెల్లగా బయటికి వస్తుంది.